వాన రాకముందే లెక్క

నవంబర్ 19. తెలుగు నేలను ఈ తేదీ రెండుసార్లు గాయపరిచింది.

1977లో ఆ రోజు సముద్రం దివిసీమ మీదికి లేచి వచ్చింది. పదివేల మంది పోయారని సర్కారు తేల్చింది. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయిన చోట లెక్క చెప్పేవాళ్లు కూడా మిగల్లేదు. సరిగ్గా 44 ఏళ్లకు, 2021లో అదే తేదీన, కార్తీక పౌర్ణమి ఉదయం, సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా ఎడంగా ఉన్న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్టా నిలవలేదు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, నందలూరు... ఇళ్లు, పశువులు, తోటలు, మనుషులు ఏటి పాలయ్యారు. పచ్చటి మడులు ఇసుక దిబ్బలయ్యాయి. కరువుసీమ అని పేరు మోసిన నేల నీళ్లలో మునిగిపోయింది.

దివిసీమ తర్వాత కోస్తా ఊరుకోలేదు. తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. రేడియోలో హెచ్చరిక, తర్వాత ఉపగ్రహ చిత్రం, ఏ ఊరివాళ్లను ఏ బడికి తరలించాలన్న జాబితా, పడవలు, బియ్యం, జనరేటర్లు ఒక్కొక్కటిగా సమకూరాయి. 1990 మేలో వచ్చిన తుపాను దివిసీమ తుపానుకు తీసిపోయేది కాదు. అయినా మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. పోయిన ప్రాణాలు పదుల్లో ఆగాయి. గాలి నెమ్మదించి కాదు, సముద్రం కరుణించి కాదు. మనుషులు ముందే సిద్ధపడ్డారు కనుక.

ఆ సిద్ధపాటు కొండల ఇవతలికి ఎందుకు రాలేదన్నదే ఈ కథనం అడిగే ప్రశ్న. ఎండిన నేలకు వరద ఏర్పాట్లెందుకులే అనుకున్నాం. కరువుకైనా సిద్ధంగా ఉన్నామా అంటే అదీ లేదు. నూటయాభై ఏళ్లుగా రాయలసీమకు అందినదంతా ఆపద వచ్చాక చేసే సాయమే. రాకముందు వేసే లెక్క ఈ సీమకు ఇంకా బాకీ ఉంది.

సముద్రం మాకూ దగ్గరే

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడండి. ఒక దారి నంద్యాల మీదుగా కర్నూలుకు, ఒకటి కడపకు, ఒకటి ప్రొద్దుటూరుకు పోతుంది. నాలుగోది బద్వేలు మీదుగా నెల్లూరికి, అంటే సముద్రానికి. పటం మీద గీత గీస్తే తీరం ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న వార్త వింటే బందరు బెస్తవాడి గుండె ఎంత కొట్టుకుంటుందో, మైదుకూరు, దువ్వూరు, చాపాడు, ఖాజీపేట మండలాల్లో కోతకొచ్చిన వరిమడి గట్టున నిలబడ్డ రైతు గుండె అంతే కొట్టుకుంటుంది.

కడప జిల్లా సగటు వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లు. అందులో మూడో వంతు ఈశాన్య రుతుపవనాలది, అంటే బంగాళాఖాతం దయ. నైరుతి మొహం చాటేసిన ఏడు చెరువులు నింపేది అక్టోబర్, నవంబర్ తుపానులే. కోతకొచ్చిన వరిని నేలకొరిగించేదీ, పొలంలోనే ఉల్లిగడ్డను కుళ్లబెట్టేదీ అవే. 2020 నవంబర్ 25 రాత్రి నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటితే మర్నాటికి కడపలో బుగ్గవంక ఇళ్లలోకి వచ్చింది. సింగపూర్, మలేసియాల వంటింటికి పోయే కృష్ణాపురం ఉల్లి, తొమ్మిది నెలలు కడుపులో పెట్టుకుని సాకే పసుపు, కాలువ కింది వరి — మైదుకూరు బతుకంతా ఈ మూడింటి మీదే. మూడింటికీ వాన కావాలి, మూడింటికీ వాన భయమే. ఈ రెండు ముఖాల వానను ఎదుర్కోవడం ఒట్టి కరువు పనీ కాదు, ఒట్టి వరద పనీ కాదు.

2009 గుర్తుందా? ఆగస్టు దాకా చినుకు లేదు. విత్తిన చేలు ఎండిపోయాయి. సెప్టెంబర్ నెలాఖరున మొదలైన వానతో అక్టోబర్ 2కల్లా కర్నూలు నగరం తుంగభద్ర, హంద్రీల కింద మునిగింది. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం డ్యామ్ మీదికి 25 లక్షల దాకా వచ్చింది. కరువు మండలాల జాబితా, వరద బాధితుల జాబితా ఒకే ఏడాది, ఒకే జిల్లాలో రాసుకోవలసి వచ్చింది. శాస్త్రవేత్తలు వాతావరణ మార్పు అని దేన్నంటున్నారో సీమ రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అదును తప్పిన వాన, పదును నిలవని నేల, కార్తెలకు కట్టుబడని మబ్బు అతని రోజువారీ అనుభవం.

చిన్న దేశాల పెద్ద పాఠం

పసిఫిక్ మహాసముద్రంలో టువాలు అనే దేశముంది. నేల మొత్తం 26 చదరపు కిలోమీటర్లు, జనం పదకొండు వేలు. మన దగ్గర నాలుగైదు ఊళ్ల పొలిమేరలు కలిపితే ఆ దేశమంత. పొరుగున కిరిబాటి. ఈ దేశాలకు కొండలు లేవు, వెనక్కి జరగడానికి చోటు లేదు. సముద్రం పెరిగితే దేశమే పోతుంది.

2001లో మర్రాకేష్ ప్రపంచ సమావేశం అత్యంత పేద దేశాలను ఒక పని చేయమంది. వాతావరణ మార్పు దెబ్బకు తట్టుకోవడానికి మీకు అన్నిటికంటే ముందు, ఆలస్యం చేస్తే నష్టం పెరిగే పనులేమిటో మీరే మీ జనాన్ని అడిగి రాసుకురండి అని. టువాలు, కిరిబాటి, ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న గాంబియా 2007లో తమ పత్రాలు రాసుకున్నాయి. తాగునీటి తొట్లు, ఉప్పునీరు సోకిన చేలలో ఏ దుంప పండుతుంది, ఏ తీరాన మడచెట్లు నాటాలి — పెద్ద మాటలు కాదు, ఇంటి పనుల వంటి పనులు. 2010లో కాన్‌కున్ సమావేశం దీన్నే దీర్ఘకాలిక జాతీయ ప్రణాళికగా అన్ని వర్ధమాన దేశాలకూ విస్తరించింది. ఒప్పందాల భాషలో దీన్ని అనుకూలన ప్రణాళిక అంటారు. మా వైపు మాటలో చెప్పాలంటే తట్టుకుని నిలబడే ఉపాయం.

ఆ చిన్న దేశాలు రాసి ఊరుకోలేదు. కిరిబాటి 2014లో ఫిజీలో అయిదు వేల ఎకరాలకు పైగా భూమి కొంది. రేపు పంట పండించుకోవడానికో, తల దాచుకోవడానికో. టువాలు రాజధాని ఫునాఫుటిలో లోతు తక్కువ నీటిని పూడ్చి 780 మీటర్ల పొడవున కొత్త నేల కట్టుకుంది; 2100 దాకా సముద్ర మట్టానికి పైనే ఉండేలా దాని ఎత్తు లెక్కగట్టారు. ఏటా 280 మంది ఆస్ట్రేలియాలో స్థిరపడేందుకు 2023 నవంబర్‌లో ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. 'గౌరవంగా వలస' అన్నది కిరిబాటి మాజీ అధ్యక్షుడు అనోటె టాంగ్ ముందుకు తెచ్చిన ఆలోచన. వెళ్లక తప్పనప్పుడు చేతిలో ఒక పని పట్టుకుని, తల ఎత్తుకుని వెళ్లాలి కాని శరణార్థిగా కాదని.

ఇది చదివినప్పుడు నాకు రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లిన వేల మంది గుర్తొచ్చారు. దశాబ్దాలుగా ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి, ఇంటి పనికో డ్రైవరు పనికో మా వాళ్లు ఎడారికి పోతున్నారు. బోరు ఎండినందుకు, తోట పోయినందుకు. అదీ వాతావరణ వలసే. దానికి ఒప్పందం లేదు, ఏడాదికి ఇంతమంది అన్న లెక్క లేదు, వెళ్లేవాడికి ముందుగా నేర్పే పని లేదు. పదకొండు వేల మంది దేశం తన వాళ్ల కోసం చేసుకున్న ఏర్పాటు లక్షల జనం ఉన్న జిల్లా చేసుకోలేకపోయింది.

పోరుమామిళ్ల రాయి

అలాగని ప్రణాళిక మనకు పరాయి విద్య కాదు. మైదుకూరుకు ఈశాన్యంగా, బ్రహ్మంగారి మఠం దాటి వెళితే పోరుమామిళ్ల వస్తుంది. ఆ ఊరి చెరువు వయసు 650 ఏళ్లు పైబడింది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి రాజ్యాన్ని పాలిస్తూ 1369లో దీన్ని కట్టించి అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. పక్కన సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది.

చాలా శాసనాలు రాజు గొప్ప చెప్పి, దానం చెప్పి, దాన్ని చెడిపినవాణ్ణి శపించి ముగుస్తాయి. ఈ శాసనం ఇంకో మెట్టు ఎక్కింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలేమిటో, చెరువుకు పట్టే ఆరు దోషాలేమిటో చెప్పింది. అంగాల్లో ధర్మం తెలిసిన సంపన్నుడైన రాజు ఒకడు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఒకడు. గట్టి బంకనేల, తీపి నీటి ఏరు, రెండు కొండల నడుమ మరీ పొడుగుగాని బిగువైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, కింద చదునైన సారవంతమైన పొలం, పని తెలిసిన కూలీల దండు. డబ్బు ఎవరిది, తెలివి ఎవరిది, రెక్కలు ఎవరివి, నేల ఎలాంటిది, అన్నీ ఉన్నాయి. ఈ రోజు ఏ అంతర్జాతీయ నిధి ముందుకు వెళ్లినా అడిగే ప్రశ్నలివే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం దోషాల పట్టిక. కట్ట నుంచి నీరు ఊరడం. చౌడు నేల. చెరువు నడుమ మిట్ట. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం. నీళ్లు ఎక్కువై చోటు తక్కువ కావడం.

చివరి మూడింటినీ మళ్లీ చదవండి. ఆరున్నర శతాబ్దాల తర్వాత మా జిల్లాను పీడిస్తున్నవి ఆ మూడే.

మూడు దోషాలు

కేసీ కాలువను తీసుకోండి. కర్నూలు దగ్గర సుంకేసుల ఆనకట్ట నుంచి నంద్యాల మీదుగా దిగి, కుందూ మీది రాజోలి ఆనకట్ట, పెన్న మీది ఆదినిమ్మాయపల్లి ఆనకట్ట ఆసరాతో కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారుతుంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో పడవలు నడపడానికీ పొలాలు తడపడానికీ దీన్ని తవ్వింది. నష్టాలు మిగిలితే 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాలు. కేటాయింపు 39.9 టీఎంసీలు, అందులో తుంగభద్ర జలాశయం నుంచి ఖాయంగా రావలసినవి పదే, మిగతా 29.9 ఏట్లో పారినప్పుడు పట్టుకోవాలి. పట్టుకోవడానికి సుంకేసులలో నిలవ ఉండేది 1.2 టీఎంసీలు. ఏరు పారిన రోజున నీళ్లు నీళ్లుగా పోతాయి, పైరు వెన్ను వేసే రోజున కాలువ అడుగు కనిపిస్తుంది. మైదుకూరు, చాపాడు, ఖాజీపేట కాలువ చివరి భూములు. నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ.

ఇక ఆ పది టీఎంసీలు వచ్చే తుంగభద్ర డ్యామ్ కర్ణాటకలో ఉంది. నీరు మూడు రాష్ట్రాలది. కట్టిన కొత్తలో 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105కు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఎగువన ఏరు నిండుగా ఉంది కనుక ఆ ఏడు గట్టెక్కాం. అయినా పారుతున్న నీళ్లలోనే అడ్డుపలకలు దింపి డ్యామ్‌ను నిలబెట్టిన నిపుణుడు కన్నయ్య నాయుడు, ఆయన బృందం చేసిన పనిని సీమ రైతు మరిచిపోకూడదు. డెబ్బై ఏళ్ల గేట్లను ఎవరు మార్చాలి, ఖర్చు ఎవరు పంచుకోవాలి అన్న ప్రశ్నలకు మూడు రాజధానులు కలిసి జవాబు చెప్పవలసి వచ్చింది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం దోషమని ఆ రాయి అన్నది ఇందుకే.

మూడో దోషం చెయ్యేటిది. ప్రాజెక్టు తట్టుకోగలిగిన దానికంటే వరద ఎక్కువ వచ్చింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్న సంగతి పార్లమెంటులో ప్రస్తావనకు వచ్చింది. ఆ నీళ్లు పెన్నలో పడి సోమశిల దాటి నెల్లూరు జిల్లాను ముంచాయి. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు తెగిపోయాయి. కొండసీమలో తెగిన కట్ట తీరాన ఉన్న ఊరిని ముంచింది. కోస్తాకు ఒక ప్రణాళిక, సీమకు ఒక ప్రణాళిక అని విడదీయడం ఎంత తప్పో ఆ వారం చూపించింది. పెన్న ఒక్కటే. నంది కొండల నుంచి ఊటుకూరు దగ్గర సముద్రం దాకా 597 కిలోమీటర్లకూ ఒకే లెక్క ఉండాలి.

గంజి నుంచి కోడ్ దాకా

ఈ నేల దాతలను కన్నది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి అన్నం పెట్టాడు. కుందూ ఒడ్డున ఆయన పేరు ఇప్పటికీ పాటల్లో ఉంది. పదేళ్లకు, 1876 ధాత సంవత్సరంలో మొదలైన కరువు ఏ గాదెకూ అందలేదు. 1881 జనాభా లెక్కలు తీసేనాటికి కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గారు. అప్పటికే కేసీ కాలువ పారుతోంది. నీళ్లు పక్కనుంచి పోతుండగా జనం చచ్చిపోయారు. ఈ ఒక్క సంగతి చాలు, కాలువ తవ్వడం వేరు, జనాన్ని కాపాడే ఏర్పాటు వేరు అని తెలుసుకోవడానికి.

ఆ చావుల మీద వేసిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాన్నుంచి కరువు కోడ్ పుట్టింది. ఎప్పుడు కరువని ప్రకటించాలి, ఎప్పుడు పనులు తెరవాలి, కూలి ఎంత. ఇది ఒక ముందడుగే. కాని దాని చూపు కరువు వచ్చిన తర్వాతి రోజు నుంచి మొదలవుతుంది. 1952 కరువులో సీమలో తెరిచిన గంజి కేంద్రాలూ అంతే. ఇప్పుడు కేంద్రం 2016లో తెచ్చిన కరువు నియమావళి వాన లోటు, పొడి వారాలు, భూగర్భజలం, ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం అన్నీ కొలుస్తుంది. కొలిచి, తేల్చి, మండలాల పేర్లు ప్రకటించే వేళకు చేను ఎండి పశువుల పాలై ఉంటుంది.

ఒక్కసారి మాత్రం పెద్దలు ముందే లెక్క వేశారు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో రాయలసీమ అవసరాలకు మొదటి చోటు ఇవ్వాలన్నారు. అది మాటగానే మిగిలింది. ఒప్పందం ఉంటే చాలదు, అది అమలవుతోందా అని ఏటేటా నిలదీసే లెక్కల పుస్తకం కూడా ఉండాలని ఆ తొంభై ఏళ్ల అనుభవం చెబుతోంది.

బావి గోడ మీద లెక్క

ఆ లెక్కల పుస్తకం ఎలా ఉంటుందో చూపిన పని మా ఇరుగుపొరుగునే జరిగింది. దాని గురించి తెలుగు పత్రికలు రాయవలసినంత రాయలేదు.

2003 ప్రాంతాన రైతులే నడిపే భూగర్భజల పథకం ఒకటి మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో, నంద్యాలలోని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి, మరికొన్ని సంస్థలతో కలిసి నడిపింది. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ — అన్నీ మెట్ట జిల్లాలే. ఆరు వందలకు పైగా పల్లెలు. ఇంగ్లీషులో దాని పొట్టిపేరు ఏపీఫామ్స్ అని పిలిచేవారు.

అందులో రైతుకు మోటారు ఇవ్వలేదు, పైపులు పంచలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు. కొలవడం నేర్పారు. ఊళ్లో ఒక వానమాపకం పెట్టి, దాన్ని చదివే పని రైతుకే అప్పగించారు. ఎంచుకున్న బోర్లలోకి పదిహేను రోజులకోసారి కొలతాడు దింపి నీటి మట్టం రాసుకున్నారు. మోటారు గంటకు ఎన్ని నీళ్లు తోడుతుందో డ్రమ్ము పెట్టి చూశారు. ఆ అంకెలను ఊరి గోడ మీద బోర్డుగా రాశారు, వచ్చేపోయేవాళ్లందరూ చదివేట్టు.

ఖరీఫ్ ముగిసి రబీ మొదలయ్యే ముందు అందరూ కూర్చునేవారు. ఈ వాగు పరివాహకంలో ఎంత వాన పడింది, అందులో భూమిలోకి ఎంత దిగింది, మనం తోడింది ఎంత, తాగునీటికి పక్కన పెట్టాల్సింది ఎంత, మిగిలింది ఎంత. తర్వాత ఎవరెవరు ఏమేం వేయాలనుకుంటున్నారో చెప్పేవారు. వరికి ఇన్ని నీళ్లు, శనక్కాయకు ఇన్ని, జొన్నకు ఇన్ని. రెండూ తూచి చూస్తే చాలాచోట్ల తక్కెడ ఒకపక్కకే ఒరిగేది. నీళ్లు చాలవని వాళ్లకు వాళ్లే చూసుకునేవారు. ఎవరూ ఎవరినీ వరి వేయవద్దని ఆపలేదు. ఇంటికి పోయి ఎవరి ఆలోచన వాళ్లు చేసుకునేవారు. చాలామంది రబీలో వరి తగ్గించారు, నీళ్లు తక్కువ అడిగే పైర్లకు మళ్లారు. భూగర్భజలం మీద 2010లో ప్రపంచ బ్యాంకు వేసిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. తర్వాత ఇదే పద్ధతిని వాతావరణ మార్పును తట్టుకునే ప్రయోగంగా బర్డ్స్ ముందుకు తీసుకెళ్లింది.

దీన్ని నేను పొగుడుతున్నది అది విదేశీ సాయంతో నడిచిందని కాదు. పల్లెటూరి మనిషికి అంకె చెబితే అర్థం కాదన్న చిన్నచూపును అది పడగొట్టింది. 2002లోనే మనకు నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలని అందులో ఉంది. చట్టం పుస్తకంలో ఉండగానే బోర్లు వెయ్యి అడుగులకు దిగాయి. చట్టానికి లొంగని బోరు, పక్కింటి రైతు చేతిలో కొలతాడును చూసి ఆగింది. పథకాల కాలం తీరిపోయింది. కొలిచే అలవాటు ఊరి సొత్తుగా, పంచాయతీ పనిగా మారవలసింది, మారలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. దొరికిన విద్యను జారవిడుచుకున్నాం.

ఢిల్లీ పత్రంలో మైదుకూరు ఎక్కడ?

భారతదేశం 2008 జూన్ 30న వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. ఎనిమిది మిషన్లు. హిమాలయాలకు ఒక మిషన్ ఉంది, మంచిదే. సముద్ర తీరానికి ప్రత్యేకంగా లేదు, వానలేని మెట్ట నేలకూ లేదు. 2015లో ఏర్పాటైన జాతీయ అనుకూలన నిధి నుంచి నాబార్డ్ ద్వారా ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 12 కోట్ల రూపాయలతో ఒక పని వచ్చింది. తీర ప్రాంతాల్లో, మెట్ట ప్రాంతాల్లో పాడి పశువులను ఎండ నుంచి, తుపాను నుంచి కాపాడే పథకం. కోస్తాను, మెట్టను ఒకే వాక్యంలో పెట్టిన ఆ ఆలోచన సరైనది, సొమ్ము మాత్రం మరీ చిన్నది.

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా ఉంది. దేశంలో ఆరు వందలకు పైగా జిల్లాలకు ఆపత్కాల పంటల ప్రణాళికలు తయారు చేసింది. మన జిల్లాకూ ఉంది. రుతుపవనం రెండు వారాలు ఆలస్యమైతే ఏ పంట, నాలుగు వారాలైతే ఏది, ఆరైతే, ఎనిమిదైతే ఏది. ఎర్రనేలకు ఏది, నల్లరేగడికి ఏది. నడుమ పొడి వస్తే ఏం చేయాలి, కోత వేళ తుపాను వస్తే ఏం చేయాలి. ఎంత విలువైన పని! అది ఆంగ్లంలో ఉంది. రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో ఉండవలసింది కంప్యూటరులో పడి ఉంది.

ఉన్నవాటిలో మన రాష్ట్రం ప్రపంచానికి చూపగలిగింది ప్రకృతి వ్యవసాయం. వాన పడకముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి సీమ మెట్ట చేలకు అచ్చివచ్చింది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి ఆ కార్యక్రమాన్ని వరించింది. కప్పిన నేల పదును పట్టి ఉంచుతుంది. ఉరిమి పడ్డ వానకు మట్టి కొట్టుకుపోదు. కరువుకూ వరదకూ ఒకే మందు అది. బంధువర్గంలో ఎవరైనా చేస్తుంటే ఆ చేను చూసి రండి, కాలి కింద నేల తేడా తెలుస్తుంది.

ఇక చేయవలసింది కొత్త పత్రం రాయడం కాదు. ఉన్న పత్రాలను ఊరి దాకా దించడం, ఊరి అంకెలను రాజధాని దాకా ఎక్కించడం. కుందూ మీద నిలవ, రాజోలి, సుంకేసుల, తుంగభద్ర పూడిక పై వాళ్లు చేయాల్సిన పనులు. వాటిని విడవకుండా అడగాలి. చెరువు అలుగు, కట్ట, తూము, వంక దారి, బోరు మట్టం మాత్రం మన చేతిలోవి. ఎండాకాలంలో వంకను ఆక్రమించి ఇల్లు కట్టుకున్నవాణ్ణి చూసి ఊరుకున్న ఊరు, నవంబర్‌లో ఆ వంక ఊళ్లోకి వస్తే ఎవరిని నిందిస్తుంది?

ఏప్రిల్‌లో మీ ఊరి గ్రామసభకు వెళ్లండి. నిరుడు మన ఊళ్లో ఎంత వాన పడిందో అడగండి. ఇప్పుడు బోర్లలో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో అడగండి. చెరువు నిండిపోతే నీళ్లు ఏ దారిన పోవాలో, ఆ దారి ఖాళీగా ఉందో లేదో చూపించమని అడగండి. జవాబు రాకపోతే కూర్చుని ఆ జవాబులు తయారు చేయించండి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో మొదటి పేజీ అదే కావాలి.

వేసవి సెలవుల్లో ఒకరోజు వీలు చేసుకుని పిల్లలను పోరుమామిళ్ల తీసుకెళ్లండి. ఆ చెరువు కట్ట మీద నడిపించండి. ఆరు దోషాలు చెక్కిన రాయి ఆ ఊళ్లోనే ఉంది, చూపించండి.